న్యూరోడైవర్జెంట్, క్వీర్ వ్యక్తులకు రిలేషన్‌షిప్ కోచ్ కావాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. ముప్పై దాటాక మీకు ఏడీహెచ్‌డీ, అంటే దృష్టి ఒకచోట నిలవక, మరపు, తొందర ఎక్కువగా ఉండే స్థితి, ఉందని తెలిసింది. మీరు క్వీర్, అంటే ఆడ మగ అన్న మామూలు చట్రంలో ఇమడని ఇష్టమో జెండరో ఉన్న మనిషి, అన్న సంగతి అంతకు చాలా ముందే తెలుసు. ప్రేమ, సహజీవనం, శారీరక సాన్నిహిత్యం గురించి తెలుగులో నిదానంగా, సిగ్గుపడేలా చేయకుండా మాట్లాడే మనిషి కోసం వెతికితే మీకు ఎవరూ దొరకలేదు. అందుకని న్యూరోడైవర్జెంట్, అంటే ఆటిజం, ఏడీహెచ్‌డీ లాంటి వాటితో మెదడు వేరుగా పనిచేసే మనుషులకూ, క్వీర్ మనుషులకూ రిలేషన్‌షిప్ కోచ్‌గా ఆ పని మీరే చేయాలనుకుంటున్నారు. ఏ కోర్సు చేయాలి, సర్టిఫికెట్ తప్పనిసరా, దీని మీద బతకగలనా అన్నవి మీ ప్రశ్నలు.

నేను ఇక్కడే కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవాళ్లు, క్వీర్, ట్రాన్స్ వ్యక్తులు ఎక్కువ. ఈ పనికి మనుషులు కావాలి, తెలుగు వచ్చినవాళ్లు మరీ కావాలి. కాబట్టి మిమ్మల్ని వెనక్కి లాగాలని ఇదంతా రాయడం లేదు.

ముందు సర్టిఫికెట్ సంగతి. మన దేశంలో కోచ్ అని చెప్పుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. రేపే ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచి ఫీజు తీసుకోవడం మొదలుపెట్టినా ఆపేవాళ్లు లేరు. క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేయాలంటే మాత్రం 1992 నాటి చట్టం ప్రకారం రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం కౌన్సెలర్లను, మిగతా సైకాలజిస్టులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. కోచ్ అనే వృత్తిని మాత్రం ఏ కౌన్సిలూ చూడటం లేదు. మీ వల్ల ఒకరికి చెడు జరిగితే వాళ్లు వెళ్లి చెప్పుకోవడానికి, మీ పేరు తొలగించడానికి ఒక రిజిస్టర్ అంటూ లేదు. ఆ కాపలా మొత్తం మీరే కాసుకోవాలి. మామూలు కెరీర్ కోచ్ విషయంలో ఇది పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. మీరు ఎంచుకున్న మనుషుల విషయంలో చాలా పెద్ద ప్రమాదం. అదెందుకో చెప్పకుండా కోర్సుల గురించి చెప్పలేను.

ఆటిజం ఉన్న అమ్మాయికి చిన్నప్పటి నుంచి నేర్పేదేమిటో గుర్తు తెచ్చుకోండి. ఇష్టం లేకపోయినా కళ్లలోకి చూడాలి. ఊరి నుంచి వచ్చిన పెదనాన్న ఒళ్లో కూర్చోబెట్టుకుంటే లేచి పోకూడదు. చీర గుచ్చుకుంటున్నా పెళ్లి అయ్యేదాకా కూర్చోవాలి. చెవులు మూసుకుంటే నలుగురూ చూస్తారు. తన శరీరం చెప్పేది అబద్ధం, చుట్టూ ఉన్నవాళ్లు చెప్పేదే నిజం అని ఆమె నేర్చుకుంటుంది. దీన్నే మాస్కింగ్ అంటున్నాం. క్వీర్ పిల్లలదీ ఇదే చదువు, పాఠ్యపుస్తకం వేరు. నడక, గొంతు, చేతుల కదలిక, ఎవరిని చూసి నవ్వాలి, అన్నీ జాగ్రత్తగా దిద్దుకుంటూ పెరుగుతారు. రెండూ ఉన్నవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఇలా పాతికేళ్లు గడిపిన మనిషి మీ ముందు కూర్చుని, మీరేం చెప్పినా "అవునండీ, చేస్తానండీ" అంటారు. పైగా తమలాంటి మనిషి, తమను మొదటిసారి అర్థం చేసుకున్న మనిషి మీరే అయితే, మీ మాట కాదనడం వాళ్లకు ఇంకా కష్టం.

అందుకే ఈ రంగంలో కొత్తగా వచ్చే ఎవరినైనా నేను చూసేది ఒక్కటే: క్లయింటు ఈ మనిషితో "నాకిది వద్దు" అని చెప్పగలరా? మీతో వద్దనలేని మనిషి పడకగదిలో భాగస్వామితో వద్దని ఎలా చెబుతారు? సమ్మతి గురించి మీరు ఎంత చక్కగా పాఠం చెప్పినా, సెషన్‌లో మీ ముందు వాళ్లు నిజంగా అనుభవించింది మళ్లీ సర్దుకుపోవడమే అయితే, నేర్చుకునేది ఆ సర్దుకుపోవడమే.

దీన్ని పనిలో ఎలా పెడతారు? కెమెరా ఆపి మాట్లాడవచ్చు, మాట రాకపోతే టైప్ చేయవచ్చు, మధ్యలో లేచి నడవవచ్చు, కారణం చెప్పకుండా సెషన్ ఆపేయవచ్చు అని మొదటే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఏదైనా ప్రయత్నించమన్నప్పుడు "సరేనా?" అని అడగకూడదు. ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గర తయారుగా ఉన్న జవాబు ఒక్కటే. మూడు దారులు రాసి, అందులో ఒకటి "ఈ వారం ఏమీ చేయకపోవడం" అని పెట్టి, వీటిలో ఏవి వద్దో కొట్టేయమనండి. జవాబు రెండు రోజుల తర్వాత మెసేజ్‌లో పంపినా చాలనండి. మరీ త్వరగా వచ్చిన అవునును నమ్మకండి. ఆటిజం ఉన్న చాలామందికి ఒక ప్రశ్న లోపలికి వెళ్లి నిజమైన జవాబుగా బయటికి రావడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది.

ఇక జంటలతో పని. డేమియన్ మిల్టన్ అనే బ్రిటన్ పరిశోధకుడు, తనకూ ఆటిజం ఉంది, 2012లో ఒక మాట అన్నాడు. ఆటిజం ఉన్నవాళ్లకు ఇతరుల మనసు తెలియదు అనడం సగం నిజమే, లేనివాళ్లకు వీళ్ల మనసు తెలియకపోవడం మిగతా సగం అని. ఇది బుర్రలో పెట్టుకోకపోతే మీరు ఎప్పుడూ ఒక్కరినే బాగుచేయాలని చూస్తారు. మన ఇళ్లలో సంభాషణ సగం చుట్టుతిరుగుడుగానే నడుస్తుంది. "నీ ఇష్టం" అంటే ఒకసారి అనుమతి, ఒకసారి కోపం, ఒకసారి అలక. ఆటిజం ఉన్న భర్త దాన్ని అనుమతిగానే వింటాడు, వెళ్లిపోతాడు. అలిగి ఆ మాట అన్న భార్య రాత్రంతా ఏడుస్తుంది. ఇద్దరూ అబద్ధం ఆడలేదు, ఇద్దరికీ ప్రేమ ఉంది. ఇక్కడ మీ పని అతనికి ముఖకవళికలు చదవడం నేర్పడం కాదు, "నీ ఇష్టం" బదులు ఆ రోజు తను నిజంగా ఏం కోరుకుంటోందో ఆమె ఒక వాక్యంలో చెప్పేలా, అతను అడిగేలా ఇద్దరికీ ఒక పద్ధతి కుదర్చడం.

శరీరం దగ్గరికి వస్తే ఇంద్రియాల సంగతి అన్నిటికన్నా ముందు తెలుసుకోవాలి. మన తొలిరాత్రి గదిని తలచుకోండి. మల్లెపూలు, అగరొత్తులు, కొత్త దుప్పటి, పట్టుచీర, పాలగ్లాసు మీద మీగడ, తలుపు అవతల నవ్వులు. వాసన, స్పర్శ తీవ్రంగా తగిలే మనిషికి ఆ గదిలో పది నిమిషాలు కూర్చోవడమే కష్టం. అలాంటి రాత్రి ఒళ్లు బిగుసుకుపోతే దానికి "ఇష్టం లేదు", "చల్లని మనిషి", "ఎవరినో ప్రేమించింది" అని పేర్లు పెట్టిన కుటుంబాలు ఉన్నాయి. ఈకలా తాకితే భరించలేనివాళ్లు గట్టిగా హత్తుకుంటే హాయిగా ఉండవచ్చు. ట్యూబ్‌లైటు, ఫ్యాను కిరకిర, తలనూనె వాసన, పళ్లు తోముకోని నోరు, ఇలాంటివన్నీ అడగాలి. సిగ్గుపడకుండా, జాబితా చదివినంత మామూలుగా అడగాలి. లోపలి సంకేతాలు సరిగా అందనివాళ్లు ఉంటారు. ఆకలి, నొప్పి, మూత్రం, కోరిక ఏదో చివరిదాకా తెలియదు. తమ భావానికి పేరు పెట్టలేనివాళ్లూ ఉంటారు, దీన్ని అలెక్సిథీమియా అంటారు. వాళ్లను "ఎలా అనిపించింది?" అని అడిగితే శూన్యంగా చూస్తారు. "ఛాతీ బిగుసుకుందా, చేతులు చల్లబడ్డాయా, ఇంకా కావాలనిపించిందా, ఎప్పుడు అయిపోతుందా అనిపించిందా?" అని అడిగితే చక్కగా చెబుతారు.

ఏడీహెచ్‌డీ గురించి మీకు నేను చెప్పేదేముంది. ముద్దు మధ్యలో రేపటి డెడ్‌లైన్ గుర్తొస్తుంది. ఎదుటి మనిషి దాన్ని ప్రేమ తగ్గిందని లెక్కేస్తారు. అలాంటి జంటలకు వారంలో ఫలానా సాయంత్రం అని ముందే అనుకోవడం బాగా పనిచేస్తుంది. ప్లాన్ చేస్తే సహజంగా ఉండదన్న భయం సినిమాల వల్ల వచ్చింది. నేను వాడే కాగితం చాలా మామూలుది: కావాలి, వద్దు, బహుశా అని మూడు గడులు. ఇద్దరూ విడివిడిగా నింపి, తర్వాత కలిసి చూసుకుంటారు. అందులో తాకడం ఒక్కటే కాదు, వెలుతురు, మాటలు, బట్టలు, శబ్దం, తర్వాత కలిసి పడుకోవాలా వద్దా అన్నవీ ఉంటాయి. "బహుశా" అన్న గడి ముఖ్యం. దాన్ని ఎవరూ కావాలి వైపు తోయకుండా చూడటం మీ పని. అత్తమామలతో డబుల్ బెడ్‌రూమ్ ఇంట్లో గడియ సరిగా పడని తలుపు ఉంటే ముందు కార్పెంటర్‌ను పిలిపించమని చెప్పడం కూడా మీ పనే. చాలా సందర్భాల్లో అసలు చికిత్స అదే అవుతుంది.

క్వీర్ వైపు, ఆటిజం వైపు అని రెండు ఫైళ్లు పెట్టుకోవద్దు. కేంబ్రిడ్జ్‌లో వరుణ్ వారియర్ బృందం 2020లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో ట్రాన్స్, జెండర్ వైవిధ్యం ఉన్నవాళ్లలో ఆటిజం మిగతావాళ్లకన్నా 3 నుంచి 6 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇంట్లో దీన్ని తిప్పి వాడుతుంటారు: "ఆటిజం వల్ల అలా అనుకుంటున్నాడు, పోతుంది" అని. ఆ వాదానికి మీరు ఒక్కసారి తలూపినా ఆ బిడ్డ మళ్లీ మీ దగ్గర నోరు విప్పదు. చూశారా, నేను కూడా "విప్పదు" అన్నాను. తెలుగులో క్రియ దగ్గరే ఆడా మగా తేలిపోతుంది కాబట్టి, ఎలా పిలవాలో మొదటి రోజే అడగండి. జవాబు ఇంకా తెలియదంటే "వచ్చారు, చెప్పారు" అని గౌరవవాచకంతో సాగిపోవచ్చు. ఏసెక్సువల్ మనుషులు, అంటే లైంగిక ఆకర్షణ కలగనివాళ్లు, కూడా మీ దగ్గరికి వస్తారు. వాళ్లకు కోరిక పుట్టించడం మీ పని కాదు. కోరిక లేకుండానే దగ్గరగా ఎలా బతకాలో మాట్లాడుకోవడం పని.

ఇప్పుడు హద్దులు. జాక్ ఆనన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1976లో నాలుగు మెట్ల పద్ధతి ఒకటి రాశాడు. మొదటిది, ఈ విషయం మాట్లాడవచ్చు అన్న అనుమతి ఇవ్వడం. రెండోది, అవసరమైనంత సమాచారం ఇవ్వడం. మూడోది, వాళ్ల పరిస్థితికి తగ్గ సూచనలు. నాలుగోది లోతైన చికిత్స. కోచ్‌గా మీ స్థలం మొదటి మూడు మెట్లే, మూడో మెట్టు మీద కూడా జాగ్రత్తగా. మొదటి మెట్టు చిన్నదనుకోకండి. చాలామందికి జీవితంలో దొరకనిది అదే.

కలయికలో నొప్పి ఉంటే గైనకాలజిస్టు. అంగస్తంభన సమస్య అయితే ముందు డాక్టరు, ఎందుకంటే అది షుగర్, గుండె జబ్బుల తొలి సంకేతం కావచ్చు. డిప్రెషన్‌కు వాడే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు కోరికను తగ్గించవచ్చు. అది మీకు తెలిసి ఉండాలి, కానీ మందు ఆపమని మీరు చెప్పకూడదు, రాసిన డాక్టరును అడగమనాలి. చిన్నప్పటి లైంగిక హింస బయటపడితే థెరపిస్టుకు అప్పగించాలి, అదీ ఆ మనిషిని వదిలేసినట్టు అనిపించకుండా. చనిపోవాలన్న మాట వస్తే మీకు ముందే రాసుకున్న ఒక దారి ఉండాలి. టెలి మానస్ 14416 నంబరు ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు. విదేశాల్లో కొందరు క్లయింటును తాకి నేర్పే పద్ధతులు పాటిస్తారు. మీరు ఎప్పటికీ తాకవద్దు. దీనిమీద నాకు రెండో అభిప్రాయం లేదు. ఒప్పేసుకోవడం అలవాటైన మనిషి మీ స్పర్శకు ఇచ్చే సమ్మతిని మీరు ఎలా నమ్ముతారు?

తల్లిదండ్రుల ఫోన్లు వస్తాయి. "మా అబ్బాయిని మార్చండి, ఎంతైనా ఇస్తాం" అంటారు. వాళ్ల భయం నిజమైనదే, దాన్ని వినండి. అయితే ఆ పని ఎవరూ చేయకూడదు. 2021లో మద్రాస్ హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఒక లెస్బియన్ జంట కేసులో కన్వర్షన్ థెరపీని, అంటే క్వీర్ మనిషిని "మార్చే" చికిత్సను, నిషేధించాలన్నారు. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ దాన్ని డాక్టర్ల విషయంలో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. కౌన్సెలింగ్ పేరుతో మనిషి ఇష్టాన్ని మార్చే ప్రయత్నం చేయకూడదని 2024లో సుప్రీంకోర్టు కోర్టులకే మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ మూడింటినీ ఒక కాగితం మీద తెలుగులో రాసి పెట్టుకోండి, తల్లిదండ్రులకు చేతికివ్వడానికి పనికొస్తుంది.

చట్టం మరికొంత తెలిసి ఉండాలి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు వయోజనుల మధ్య సమ్మతితో జరిగే స్వలింగ సంబంధాన్ని, దాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ నుంచి తప్పించింది. 2023 అక్టోబర్‌లో స్వలింగ జంటలకు పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేదు. ఆ తర్వాత 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ, క్వీర్ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదని స్పష్టం చేసింది. జంటలకు ఇలాంటి సంగతులు చెబితే ముఖం వెలిగిపోతుంది, ఎందుకంటే సాన్నిహిత్యం అంటే రేపటి గురించి ధైర్యం కూడా. మన దగ్గర, హిజ్రాలను నేరస్థుల్లా చూసిన 1919 నాటి తెలంగాణ యూనక్స్ చట్టాన్ని 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. హిజ్రా సముదాయం నుంచి వచ్చే మనిషి పోలీసులంటే ఎందుకు వణుకుతారో ఆ చట్టం చదివితే అర్థమవుతుంది. పద్దెనిమిది నిండనివాళ్లను తీసుకోవద్దు. పిల్లల మీద లైంగిక నేరం మీకు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. ఈ సంగతి క్లయింటుకు మొదటి సెషన్‌లోనే చెప్పాలి, వాళ్లు మనసు విప్పాక కాదు. మీ నోట్స్‌కు లాయరు దగ్గరి మాటలకున్న రక్షణ లేదు, విడాకుల కేసులో బయటికి రావచ్చు. తక్కువ రాయండి, అసలు పేర్లు లేకుండా రాయండి.

కోర్సుల దగ్గరికి వద్దాం. నన్నడిగితే సైకాలజీలో పీజీ చేయండి. ఇదివరకు ఇగ్నో దూరవిద్యలో ఎంఏ సైకాలజీ ఉండేది, కానీ సైకాలజీని దూరవిద్యలో నేర్పడాన్ని 2025లో యూజీసీ ఆపేసింది, కాబట్టి కాలేజీకి వెళ్లి చదివే కోర్సే చూసుకోవాలి. పీజీతో మీరు క్లినికల్ సైకాలజిస్టు కారు, కానీ డిప్రెషన్‌కూ ఆటిస్టిక్ బర్నవుట్‌కూ, అంటే ఏళ్ల తరబడి సర్దుకుపోయి ఆటిజం ఉన్న మనిషి పూర్తిగా అలసిపోవడానికీ, తేడా అడగడం వస్తుంది. దాని మీద మరివాలా హెల్త్ ఇనిషియేటివ్ అనే సంస్థ నడిపే క్వీర్ అఫర్మేటివ్ కౌన్సెలింగ్ ప్రాక్టీస్ కోర్సు చేయండి. క్వీర్ వ్యక్తులే రూపొందించి, నేర్పే కోర్సు అది, మన కుటుంబాల సంగతి తెలిసిన కోర్సు. మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్ల కోసం పెట్టింది కాబట్టి దానికి ముందు కొంత పునాది ఉండాలి. కోచింగ్ పద్ధతి కావాలనుకుంటే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ మొదటి స్థాయికి 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం అడుగుతుంది. ప్రశ్న అడిగి ఆగడం, నోటిదాకా వచ్చిన సలహాను చెప్పకుండా మింగేయడం అక్కడ బాగా నేర్పుతారు. సెక్స్ గురించి, ఆటిజం గురించి అక్కడ నేర్పరు. రెండు వారాంతాల్లో ఇంటిమసీ కోచ్ చేస్తామని విదేశీ డబ్బుల్లో ఫీజు అడిగే ఆన్‌లైన్ సర్టిఫికెట్లకు నేనైతే రూపాయి పెట్టను.

వీటన్నిటికన్నా సూపర్‌విజన్ ముఖ్యం. మీకన్నా అనుభవం ఉన్న థెరపిస్టుతో నెలకు రెండుసార్లయినా డబ్బిచ్చి కూర్చుని, మీ సెషన్ల గురించి మాట్లాడాలి. అక్కడ మిమ్మల్ని మీరు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న: ఈ క్లయింటు నాతో "వద్దు" అని ఎప్పుడు అన్నారు? ఎప్పుడూ చెప్పకపోతే దాని గురించే మాట్లాడండి.

మీ అనుభవం పనికొస్తుంది, కానీ అది మీ ఒక్కరి అనుభవం. మీకు మందు పనిచేసి ఉండవచ్చు, ఇంట్లో చెప్పేసి తేలికపడి ఉండవచ్చు. నల్గొండ పక్క పల్లెలో ఉంటున్న అమ్మాయికి ఇంట్లో చెప్పడం ప్రాణం మీదికి రావచ్చు. తాము క్వీర్ అన్న సంగతి బయటపెట్టమని ఎవరినీ ఎప్పుడూ తొందరపెట్టకండి. ఇంకోటి, మన నగరంలో క్వీర్ సముదాయం చిన్నది. 2013 నుంచి జరుగుతున్న ప్రైడ్ యాత్రకు వెళితే సగం మొహాలు తెలిసినవే. మీ క్లయింటు మీ పాత స్నేహితురాలి ప్రస్తుత భాగస్వామి కావచ్చు, డేటింగ్ యాప్‌లో ఎదురుకావచ్చు. బయట కనబడితే ఎవరు ముందు పలకరించాలి, యాప్‌లో కనబడితే ఏం చేస్తారు అన్నది మొదటే మాట్లాడుకోండి. మీకు డేటింగ్‌లో ఆసక్తి ఉన్న మనిషినీ, స్నేహితులనూ క్లయింట్లుగా తీసుకోకండి. క్లయింటుగా వచ్చిన మనిషితో తర్వాతెప్పుడూ అలాంటి సంబంధం వద్దు.

డబ్బు గురించి నిజం చెబుతాను. మొదటి రెండు మూడేళ్లు దీని మీద బతకాలని లెక్కేసుకోవద్దు. ఉద్యోగం ఉంచుకుని సాయంత్రాలు కొన్ని సెషన్లతో మొదలుపెట్టండి. వచ్చేవాళ్లలో ఇంట్లోంచి గెంటేయబడినవాళ్లు, ఉద్యోగం నిలవనివాళ్లు ఉంటారు, కాబట్టి కొన్ని తక్కువ ఫీజు స్థలాలు ముందే పక్కన పెట్టుకోవాలి. అద్దె కోసం క్లయింటు మీద ఆధారపడే కోచ్‌కు, ఆ క్లయింటు "ఇక చాలు" అన్నప్పుడు సంతోషించడం కష్టం. పది సెషన్ల ప్యాకేజీలు అమ్మకండి, ఒక్కో సెషన్‌కు తీసుకోండి. రద్దు చేస్తే జరిమానా పెట్టే ముందు, మీ క్లయింట్లలో సగం మందికి మీలాగే తేదీలు గుర్తుండవని తలచుకోండి. ముందు రోజు, గంట ముందు మెసేజ్ పంపే ఏర్పాటు మీరే పెట్టండి. మీకోసం కూడా: వరుసగా సెషన్లు పెట్టుకోవద్దు, మధ్యలో అరగంట వదలండి.

ఈ నెలలో ఏదైనా చేయాలనుకుంటే ఒక పేజీ రాయండి. మీరు ఏ విషయాల్లో సాయం చేస్తారు, ఏవి చేయరు, ఎప్పుడు డాక్టరు దగ్గరికి పంపుతారు, ఏ రహస్యం దాచలేరు, ఫీజెంత, మీ మీద అసంతృప్తి ఉంటే ఎవరికి చెప్పాలి. చివరి దానికి మీ సూపర్‌వైజర్ పేరు, నంబరు వాళ్లను అడిగి పెట్టండి. చిన్న వాక్యాల్లో, నానార్థాలు లేకుండా రాయండి. రాశాక ఆటిజం ఉన్న ఒక స్నేహితునికో స్నేహితురాలికో ఇచ్చి, అర్థం కాని వాక్యాల కింద గీత గీయమనండి. గీతలు పడినవన్నీ మళ్లీ రాయండి.